పిల్లల పుస్తకాల్లో ఆడ, మగ మూసలు: అపోహలు, వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా నేను తెలుగులో చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలకు సంపాదకత్వం, అనువాదం చేస్తున్నాను. నెలకు రెండు మూడు రోజులు ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లి పిల్లలకు కథలు చదివి వినిపిస్తాను. ఆడపిల్ల అంటే ఇలా ఉండాలి, మగపిల్లవాడు అంటే అలా ఉండాలి అనే మూసలను ప్రశ్నించే పుస్తకాల గురించి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, ఒక్కోసారి రచయితలు కూడా నాతో అనే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో ఎక్కువగా వినిపించే కొన్నింటి గురించి నా పనిలో తేలిన సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కథలో ధైర్యవంతురాలైన అమ్మాయి ఉంటే చాలు, మూస బద్దలైనట్టే.

వాస్తవం: ఈ నమ్మకం వల్లే మా దగ్గరకు వచ్చే రాతప్రతుల్లో కరాటే నేర్చుకునే అమ్మాయిలు, దొంగలను పట్టించే అమ్మాయిలు ఎక్కువగా కనిపిస్తారు. వాటిలో మంచి కథలు ఉన్నాయి. అయితే పుస్తకం పిల్లలకు నేర్పేది కథానాయిక సాహసం ఒక్కటే కాదు, బొమ్మలో వెనక వరసలో ఎవరు ఏం చేస్తున్నారన్నది కూడా పిల్లలు నేర్చుకుంటారు.

ఒక పుస్తకం విషయం చెబుతాను. అందులో ఒక పేజీలో "అందరూ భోజనానికి కూర్చున్నారు" అన్న వాక్యం ఒక్కటే ఉంది. చిత్తు బొమ్మ చేతికి వచ్చేసరికి తాతయ్య, నాన్న, ఇద్దరు పిల్లలు కంచాల ముందు కూర్చుని ఉన్నారు, అమ్మ గరిటె పట్టుకుని వంగి నిలబడి ఉంది, నానమ్మ వంటింటి గుమ్మం వెనక సగమే కనిపిస్తోంది. రచయిత్రి "అందరూ" అని రాశారు, ఆ అందరిలో ఎవరెవరు ఉంటారో మాత్రం బొమ్మ తేల్చేసింది. బొమ్మ వేసినాయనను తప్పుపట్టడానికి లేదు, చిన్నప్పటినుంచి తన ఇంట్లో చూసిందే ఆయన వేశారు. మళ్లీ వేసిన బొమ్మలో అన్నం గిన్నె, పప్పు గిన్నె మధ్యలోకి వచ్చాయి, ఆరుగురూ వాటి చుట్టూ కూర్చున్నారు, నాన్న నానమ్మకు వడ్డిస్తున్నారు. కథలో ఒక్క అక్షరం కూడా మారలేదు, కానీ అది వేరే పుస్తకం అయింది.

బొమ్మలను ఇలా లెక్కపెట్టి చూడడం కొత్త పని కాదు. అమెరికాలో కాల్డికాట్ పురస్కారం పొందిన, తుది వరసలో నిలిచిన ఐదేళ్ల బొమ్మల పుస్తకాలను సమాజశాస్త్రవేత్త లెనోర్ వైట్జ్‌మన్ బృందం పరిశీలించి, 1972లో ప్రచురించిన వ్యాసంలో మగవారి బొమ్మలు 261 ఉంటే ఆడవారి బొమ్మలు 23 మాత్రమే ఉన్నాయని తేల్చింది. మనకు దగ్గరలో చూస్తే, కేరళలో 2024లో వచ్చిన మూడో తరగతి పాఠ్యపుస్తకంలో తండ్రి వంటింట్లో కొబ్బరి తురుముతున్న బొమ్మ వేశారు. వంట మగవాళ్ల పని కూడా అన్న మాటను ఉపన్యాసమేమీ అవసరం లేకుండా ఆ బొమ్మే చెబుతుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. పట్టుపరికిణీ కట్టుకుని, గోరింటాకు పండిన చేతులు చూసుకుని మురిసిపోయే అమ్మాయిని తక్కువ చేసి, చెట్లెక్కే అమ్మాయినే మెచ్చుకునే కథ పాత మూసను తీసి కొత్త మూసను పెడుతుంది. ఇలాంటి రాతప్రతులను నేను చాలాసార్లు వెనక్కి పంపాను. గోరింటాకు పెట్టుకున్న చేతులతోనే ఆ పిల్ల చెట్టెక్కవచ్చు, అసలు ఎక్కకపోయినా ఆ పిల్లకు కథలో చోటు ఉండాలి.

అపోహ: మన జంతువుల కథల్లో ఆడ, మగ గొడవే లేదు.

వాస్తవం: వ్యాకరణం వరకు ఇందులో నిజముంది. "అబ్బాయి వచ్చాడు" అంటాం కానీ "అమ్మాయి వచ్చింది", "నక్క వచ్చింది" అన్నప్పుడు క్రియ ఒకటే, కాబట్టి ఆ నక్క ఆడదో మగదో వాక్యం చెప్పదు. అయితే కథ చెప్పే నోరు అక్కడితో ఆగదు. వేషాలు వేసేటప్పుడు నక్కబావ, కోతిబావ, పెద్దరికం చేసేటప్పుడు ఎలుగుబంటి మామ, అడవిని ఏలేటప్పుడు సింహం రాజు అవుతాయి, గూట్లో పిల్లలను పొదువుకునేటప్పుడు మాత్రం పిచ్చుకమ్మ, చిలకమ్మ అవుతాయి. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో వచ్చిన దాదాపు 5,600 పిల్లల పుస్తకాలను సమాజశాస్త్రవేత్త జానిస్ మెకేబ్ బృందం పరిశీలించి 2011లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఏటా వచ్చిన పుస్తకాల్లో మగ జంతువు ప్రధాన పాత్రగా ఉన్నవి 23 శాతానికి పైగా ఉంటే, ఆడ జంతువు ప్రధాన పాత్రగా ఉన్నవి 7.5 శాతమే. ఇంగ్లీషు నుంచి అనువదించేవారు అక్కడి సర్వనామాన్ని పట్టుకుని "తాబేలు నవ్వాడు" అని రాస్తే, తెలుగులో లేని తేడాను మనమే దిగుమతి చేసుకున్నట్టవుతుంది. తొలి రోజుల్లో నేను కూడా ఆ తప్పు చేశాను.

తెలుగుకు ఉన్న మరో వెసులుబాటును మన రచయితలు ఇంకా సరిగా వాడుకోలేదని నాకు అనిపిస్తుంది. "నేను వెళ్లాను", "నువ్వు తిన్నావు" అన్నప్పుడు మాట్లాడేది ఎవరో, వినేది ఎవరో, ఆడో మగో తెలియదు. హిందీలో అయితే చాలాచోట్ల క్రియే ఆ సంగతి బయటపెడుతుంది. అంటే పదహారు పేజీల కథ మొత్తం ఒక పిల్ల నోట చెప్పించి, ఆ పిల్ల ఆడో మగో చెప్పకుండానే ముగించవచ్చు. అలాంటి పుస్తకం ఒకటి చేశాం. అందులో మాకు పెద్ద చిక్కు అమ్మ పిలుపు దగ్గర వచ్చింది, ఎందుకంటే "ఏరా" అన్నా "ఏమే" అన్నా గుట్టు బయటపడుతుంది. చివరికి "బంగారం" అని పిలిపించాం. బొమ్మల్లో ఆ పిల్లకు వానకోటు తొడిగి, తల మీద టోపీ ఉంచాం. చదివి వినిపించాక పేరు పెట్టమంటే చాలామంది ఆడపిల్లలు ఆడపిల్ల పేరు, చాలామంది మగపిల్లలు మగపిల్లవాడి పేరు పెట్టారు. ఒకరు మాత్రం "బంగారం అనే పేరు ఉంది కదా" అన్నారు.

అపోహ: ఇవి ఆడపిల్లల కోసం రాసే పుస్తకాలు.

వాస్తవం: నా లెక్కలో వీటి కొరత ఎక్కువగా ఉన్నది మగపిల్లలకే. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అన్న మాట వినకుండా పెరిగిన పిల్లవాడు మన దగ్గర అరుదు. చీకటికి భయపడే అబ్బాయి, చెల్లెలితో వంట ఆట ఆడుకునే అబ్బాయి, పోట్లాట ఇష్టం లేని అబ్బాయి తెలుగు పుస్తకాల్లో ఎంతమంది ఉన్నారో వెతికితే తెలుస్తుంది. అమెరికన్ రచయిత మన్రో లీఫ్ 1936లోనే పోట్లాటకు వెళ్లకుండా పూలవాసన చూస్తూ కూర్చునే ఫెర్డినాండ్ అనే ఎద్దు కథ రాశారు. ఫ్రాంకో పాలనలో స్పెయిన్‌లో ఆ చిన్న పుస్తకాన్ని నిషేధించారు.

అపోహ: ఇదంతా పట్నం వాళ్ల ఆలోచన, పల్లె పిల్లలకు పట్టదు.

వాస్తవం: రాయచోటి వైపు ఒక పల్లె బడిలో, తండ్రి కూతురికి తల దువ్వుతున్న పేజీ చూపించగానే ముందు వరసలో ఇద్దరు అబ్బాయిలు నవ్వారు. వెనక నుంచి ఒక పాప లేచి, "మా నాయన రెండు జడలేస్తాడు, రిబ్బన్లు కూడా కడతాడు" అంది. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిందని పంతులమ్మ తర్వాత చెప్పారు. అమ్మలు గల్ఫ్ దేశాలకు వెళ్లిన ఇళ్లు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి, ఆ ఇళ్లలో వంట చేసే నాన్నలు, జడలు వేసే తాతలు ఉన్నారు. పుస్తకాల్లోకే వాళ్లు ఇంకా రాలేదు. నవ్విన అబ్బాయిల్లో ఒకడు కాసేపటికి ఆ పాప దగ్గరకు వెళ్లి వాళ్ల నాయన రిబ్బను ముడి ఎలా వేస్తాడని అడిగాడు.

అపోహ: ఇది పడమటి దేశాల సరుకు, మన సంస్కృతిలో లేదు.

వాస్తవం: వంట బాగా కుదిరితే నలభీమపాకం అంటాం, నలుడు, భీముడు ఇద్దరూ మగవాళ్లే. విరాటుడి కొలువులో భీముడు వలలుడనే పేరుతో వంటవాడయ్యాడు, అర్జునుడు బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పాడు. పోతన భాగవతంలో సత్యభామ నరకుడి మీద విల్లెత్తినప్పుడు శత్రువును చూసే చూపును, కృష్ణుడిని చూసే చూపును కవి ఒకే పద్యంలో పక్కపక్కన పెట్టాడు, ఒకే మనిషిలో పరాక్రమం, లాలిత్యం రెండూ ఉండవచ్చని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? పూటకూళ్లు వండిపెడుతూ, దారి తప్పిన రాకుమారులకు బుద్ధి చెప్పే పేదరాశి పెద్దమ్మ ఎవరి మీదా ఆధారపడని మనిషి.

అపోహ: ఈ దారిలో వెళితే పాత కథలన్నీ పారేయాలి, తెలుగులో కొత్తవి దొరకవు.

వాస్తవం: రెండూ నిజం కాదు. చెన్నైలోని తూలిక, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, అనువదించవచ్చు కూడా. పాత కథల విషయానికి వస్తే, చెప్పేటప్పుడు ఒక్క మాట మార్చడం చాలాసార్లు సరిపోతుంది. ఏడు చేపల కథ "రాజుగారికి ఏడుగురు కొడుకులు" అని మొదలవుతుంది. ఈమధ్య ఒక రెండో తరగతిలో నేను "ఏడుగురు పిల్లలు" అని మొదలుపెట్టి, గడ్డిమోపు, ఆవు, చీమ వరకు మిగతా కథంతా ఎప్పటిలాగే చెప్పి, బొమ్మ వేయమన్నాను. ఒక అబ్బాయి వేసిన కాగితంలో ఏడుగురూ చెరువు గట్టున వరసగా నిలబడి ఉన్నారు, ముగ్గురికి జడలు, ఇద్దరికి కిరీటాలు, ఒకరికి జడా కిరీటం రెండూ ఉన్నాయి. అందరికంటే చిన్నగా ఉన్న ఏడో పిల్ల చేతిలో చేప పట్టుకుని ఏడుస్తోంది. ఎందుకు ఏడుస్తోందని అడిగితే, ఆ చేప ఎండలేదు కదా మేడమ్ అన్నాడు.