రెండు జట్లూ గెలవగలిగే ఆట

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో బాల్డ్విన్ సిటీ అని ఒక చిన్న ఊరుంది. 1960ల చివర్లో అక్కడి బడిలో నాలుగో తరగతి పిల్లలు 24 మంది. వాళ్లలో ఏడుగురి మీద ప్రిన్సిపాల్ దగ్గరికి అప్పటికే చాలాసార్లు ఫిర్యాదులు వెళ్లాయి. లెక్కల పీరియడ్‌ని నిమిషాల లెక్కన గమనించి రాసుకుంటే, నూటికి 96 నిమిషాల్లో ఎవరో ఒకరు అడగకుండా మాట్లాడుతూనే ఉన్నారు. 82 నిమిషాల్లో ఎవరో ఒకరు సీట్లోంచి లేచి తిరుగుతూనే ఉన్నారు.

హారియెట్ బారిష్, మాంట్రోస్ వుల్ఫ్ అనే పరిశోధకులతో కలిసి టీచర్ మ్యూరియల్ సాండర్స్ ఆ క్లాసుకి ఒక ఆట పెట్టారు. క్లాసుని రెండు జట్లు చేశారు. ఎవరైనా అడగకుండా లేచినా, మాట్లాడినా ఆ జట్టు పేరు కింద బోర్డు మీద ఒక గీత పడుతుంది. తక్కువ గీతలున్న జట్టు గెలిచినట్టు. అయితే ఇంకో నియమం కూడా ఉంది: రెండు జట్లకీ గీతలు ఐదుకి మించకపోతే రెండూ గెలిచినట్టే. గెలిచినవాళ్లకి ఒక బ్యాడ్జీ, పేరు పక్కన ఒక స్టార్, సాయంత్రం అరగంట ఇష్టమొచ్చిన పని చేసుకునే వీలు. బడికి పైసా ఖర్చు లేని బహుమతులే దాదాపు అన్నీ.

ఆట మొదలయ్యాక ఆ 96 కాస్తా 19కి, 82 కాస్తా 9కి పడిపోయాయి. ఆట లేని రీడింగ్ పీరియడ్‌లో మాత్రం గోల ఎప్పటిలాగే ఉంది. లెక్కల పీరియడ్‌లో ఆట ఆపేసి చూస్తే అక్కడ కూడా గోల తిరిగొచ్చింది. మళ్లీ మొదలుపెడితే తగ్గింది. పిల్లలు అవే పిల్లలు, టీచరూ ఆవిడే. 'వాడి బుద్ధే అంత' అని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! ఒకే రోజు, ఒకే పిల్లాడు, పీరియడ్ మారితే వేరేగా నడుచుకున్నాడు. 1969లో అచ్చయిన ఈ ప్రయోగంలోని ఆటకి గుడ్ బిహేవియర్ గేమ్ అని పేరు స్థిరపడింది.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం ఆ అంకెలు కాదు. జట్టుకి పదేపదే గీతలు తెచ్చిపెడుతున్న ఒక పిల్లాడు 'నేనింక ఆడను' అని తెగేసి చెప్పాడు. ఒకడి వల్ల జట్టంతా ఓడిపోవడం న్యాయం కాదని టీచరుకీ, పిల్లలకీ కూడా అనిపించింది. అతని గీతల్ని జట్టు లెక్కలోంచి తీసేసి విడిగా వేశారు. ఈ రకం ఆటల్లో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. జట్టు కోసం తనని తాను అదుపు చేసుకునేలా పిల్లాణ్ణి నడిపించే బలమే, వాణ్ణి నలుగురి ముందూ దోషిగా కూడా నిలబెట్టగలదు.

ఈ చిక్కు మన వీధి పిల్లలకి ఎప్పట్నుంచో తెలుసు. పంటలేసుకుని దొంగని తేల్చుకునేటప్పుడు, ఇంకా పరిగెత్తడం సరిగ్గా రాని చిన్న తమ్ముణ్ణి వదిలేయరు. 'వీడు ఆటలో అరటిపండు' అంటారు. వాడు ఆడతాడు, పరిగెత్తుతాడు, అరుస్తాడు. కానీ ఔట్ అవ్వడు, వాడి వల్ల ఎవరూ ఓడిపోరు. పెద్ద పిల్లల మధ్య తిరుగుతూనే వాడికి నియమాలు ఒంటబడతాయి. పెద్దలెవరూ నేర్పకుండా పిల్లలు చేసుకున్న ఏర్పాటు ఇది. నాకు దీని మీద చాలా గౌరవం.

1985లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో షెపర్డ్ కెల్లమ్, ఆయన తోటి పరిశోధకులు ఇదే ఆటని ఒకటో తరగతి పిల్లల మీద పెద్ద ఎత్తున పరీక్షించారు. 19 బడులు. అల్లరివాళ్లూ, నెమ్మదస్తులూ ప్రతి జట్టులోనూ కలిసేలా చూశారు. ఆ పిల్లలకి 19, 21 ఏళ్ల మధ్య వయసు వచ్చాక మళ్లీ వెళ్లి కలిశారు. ఒకటో తరగతిలో బాగా దూకుడుగా ఉన్న మగపిల్లల్లో, ఆట ఆడినవాళ్లకి డ్రగ్స్, సిగరెట్ల అలవాటు తక్కువగా కనిపించింది. ఆడపిల్లల్లో అంత తేడా లేదు.

దీన్ని మంత్రదండం అనుకోకూడదు. ఇంగ్లండ్‌లో 77 ప్రాథమిక పాఠశాలల్లో చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. పిల్లలందరినీ కలిపి చూస్తే చదువులో గానీ ప్రవర్తనలో గానీ చెప్పుకోదగ్గ మార్పు లేదు. చెప్పినన్ని సార్లు ఆట ఆడించని బడులు కూడా అందులో ఉన్నాయి. టీచరు మీద ఇప్పటికే సిలబస్ టెన్షన్ ఉన్నప్పుడు, ఆట టైమ్‌టేబుల్లో సమయం మిగిలితే ఆడించే పనిగా మారుతుంది.

మరి ఆటలో పిల్లలకి సరిగ్గా ఏం అలవాటవుతుంది? ఆగడం. బడి మైదానంలో ఆడించే చెరువు-గట్టునే తీసుకోండి. 'చెరువు' అంటే గీత దాటి ముందుకి దూకాలి, 'గట్టు' అంటే వెనక్కి. చెరువు, గట్టు, చెరువు, గట్టు అని వరసలో పెట్టి, ఉన్నట్టుండి మళ్లీ 'గట్టు' అంటారు. అప్పటికే కాలు లేస్తుంది. ఆ లేచిన కాలుని ఆపే పని నుదుటి వెనకున్న మెదడు భాగానిది. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. చేతిలోది లాక్కోబోయి ఆగడానికీ, తిట్టబోయి ఆగడానికీ పనికొచ్చేది కూడా ఆ భాగమే.

అమెరికాలోనే షౌనా టోమినీ, మెగన్ మెక్లెలండ్ అనే పరిశోధకులు బడికి కొత్తగా వచ్చే వయసు పిల్లల గుంపులకి ఇలాంటి ఆటలే ఆడించారు. ఏ రంగు చూపిస్తే కదలాలో, ఏ రంగుకి ఆగాలో ముందు చెప్పి, మధ్యలో నియమం తిరగేశారు. 2011లో వచ్చిన ఆ అధ్యయనంలోనూ, మొదట్లో తమని తాము అదుపు చేసుకోలేకపోయిన పిల్లల్లోనే మెరుగుదల కనిపించింది.

చెరువు-గట్టునీ ఇలాగే తిరగేయొచ్చు. పది నిమిషాలు మామూలుగా ఆడించి, 'ఇప్పట్నుంచి చెరువంటే గట్టు' అని చెప్పండి. ఆ తర్వాత పిల్లల్ని జంటలుగా చేతులు పట్టుకుని దూకమనండి. ఒకడు తొందరపడి ముందుకి ఊగితే, పక్కవాడి చెయ్యి వెనక్కి లాగుతుంది.