స్కిజోఫ్రీనియా, ఇమ్యూనిటీ: రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఒడిశా రాయగడలో మానసిక వైద్యం చేస్తున్నా, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి కూడా మనవాళ్ళు వస్తుంటారు. మొన్న ఒకావిడ కొడుకుని తీసుకొచ్చి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది, మూత తీస్తే ఆకుపచ్చ పొడి. "బాబూ, పిల్లడికి ఇమ్యూనిటీ తగ్గిపోనాదట, అందుకే చెవిలో మాటలు వినిపిస్తన్నాయట, ఇది తాగితే సాలన్నారు, మాత్రలు ఆపేసి నెల అయిపోనాది" అంది. ఆ కుర్రాడు మళ్ళీ రాత్రంతా గోడతో మాట్లాడుతున్నాడు. నాకు చాలా బాధేసింది, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఇమ్యూనిటీ తగ్గితే స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించే ఈ మానసిక జబ్బు, వస్తుంది.

వాస్తవం: ఇమ్యూనిటీకి, ఈ జబ్బుకి సంబంధం ఉన్నమాట నిజమే, కానీ అది తగ్గడం వల్ల కాదు. 2014లో వచ్చిన పెద్ద జన్యు పరిశోధనలో అన్నిటికంటే గట్టి లింకు ఆరో క్రోమోజోములో, ఇమ్యూనిటీ జన్యువులు గుంపుగా ఉండే చోట దొరికింది, 2016లో అక్కడే సీ4 అనే జన్యువుని పట్టుకున్నారు. ఒంట్లో సీ4 పని క్రిములకి గుర్తు పెట్టడం, మిగతా కణాలు ఆ గుర్తు చూసి తినేస్తాయి. మెదడులో అదే గుర్తు నరాల మధ్య అతుకుల మీద పడుతుంది, మైక్రోగ్లియా అనే కణాలు వచ్చి వాటిని తీసేస్తాయి. ఎదిగే వయసులో ఇది అందరికీ జరిగేదే, జీడితోటలో అక్కర్లేని కొమ్మలు కొట్టేసినట్టు. సీ4 ఎక్కువ తయారయ్యేవాళ్ళలో ఈ కొట్టివేత హద్దు దాటుతుందేమో అన్నది ఇప్పుడున్న బలమైన ఆలోచన, జబ్బు ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఏళ్ళప్పుడు బయటపడటానికి ఇదో కారణం కావచ్చు. సీ4 ఎక్కువ తయారయ్యే అందరికీ జబ్బు రాదు, రిస్క్ కొంచెం పెరుగుతుందంతే. మరి పొడి తాగి పెంచేదేముంది చెప్పండి!

అపోహ: అయితే యాంటీబయాటిక్‌తో తగ్గిపోవాలి కదా.

మెదడులో వాపు తగ్గిస్తుందన్న ఆశతో బ్రిటన్‌లో 207 మందితో మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ట్రయల్ చేశారు, 2018లో ఫలితం వచ్చింది, లాభం కనపడలేదు.

అపోహ: ఉన్నట్టుండి మతి తప్పితే చిల్లంగే (చేతబడే).

దీని గురించి గట్టిగా చెప్పాలి. 2007లో డల్మావ్ అనే డాక్టరు బృందం ఒక జబ్బుని గుర్తించింది, ఇమ్యూన్ సిస్టమే మెదడులో నరకణాలు సంకేతాలు అందుకునే ఎన్ఎండీఏ రిసెప్టర్ల మీద దాడి చేస్తుంది, వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువ, కొందరికి అండాశయంలో గడ్డ కూడా ఉంటుంది. చూడ్డానికి అచ్చం పిచ్చిలాగే ఉంటుంది. కానీ రోజుల్లోనే ముదిరి, మూర్ఛలొచ్చి, నోరు అదేపనిగా నమిలినట్టు ఆడుతూ, మాట పడిపోతుంటే గునియా (మంత్రగాడు) దగ్గర తాయెత్తు కట్టించుకుని కూర్చోకండి, వెన్నునీరు పరీక్ష చేసే పెద్దాసుపత్రికి అదే రోజు పట్టుకెళ్ళండి. స్టెరాయిడ్లు లాంటి ఇమ్యూన్ చికిత్సతో, గడ్డ ఉంటే అది తీయించడంతో, చాలామంది కోలుకుంటారు. మా మలేరియా ఏరియాలో జ్వరంతో పాటు మతి తప్పినా అంతే, ముందు రక్తపరీక్ష.

ఇంకోటి, స్కిజోఫ్రీనియాకి ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడేవాళ్ళకి మొదటి 18 వారాలు వారం వారం రక్తం తీస్తే "రక్తం లాగేస్తున్నారు" అని మానేస్తున్నారు. ఆ మందు కొద్దిమందిలో క్రిములతో పోరాడే తెల్లకణాలు పడగొడుతుంది, అది కనిపెట్టడానికే ఆ టెస్టు. ఆ మందు మీద ఉండగా జ్వరమో గొంతునొప్పో వస్తే ఆరోజే రండి, సంతరోజు దాకా ఆగొద్దు.