పగ్గాలు పట్టుకున్న పిల్లాడు

ప్రియమైన పిల్లలూ,

"తాతయ్యా, నాకు లెక్కలు వచ్చు. కానీ పుస్తకం తీయడానికే గంట పడుతుంది. ఒక్కోసారి దానికోసం గదిలోకి వెళ్లి, ఎందుకొచ్చానో మర్చిపోతాను. నేను సోమరిదాన్నా?" అని మీలో ఒక పాప అడిగింది.

కాదు తల్లీ. ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్.

ఎడ్లబండిని తలుచుకోండి. ఎడ్లకు బలముంది, లాగడం తెలుసు. అయినా ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో చెప్పేది బండి తోలేవాడు. లెక్కలు రావడం ఎడ్ల బలం. లెక్కలకు కూర్చోవడం బండివాడి పని. ఆ పని ఎక్కువగా మన నుదుటి వెనకున్న మెదడు భాగంలో జరుగుతుంది. ఈ బండివాడి పనినే డాక్టర్లు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. పచ్చగడ్డి కనిపిస్తే ఎడ్లు పక్కకి లాగుతాయి, అతను పగ్గం బిగబట్టాలి. వెళ్లాల్సిన చోటు గుర్తుంచుకోవాలి. దారికి అడ్డంగా చెట్టు పడితే ఇంకో దారి పట్టాలి. ఇన్ని పనులు ఒక్కడే చేయాలి! పైగా మీ బండివాడు ఇంకా పిల్లాడే. మెదడులో ఆ భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది. నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఎక్కువైనా పగ్గాలు జారుతాయి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లలకి ఇది మరీ కష్టం. అలాంటి స్నేహితుడుంటే వెక్కిరించకండి, పక్కన కూర్చోండి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఒక ఉత్తరం ఇచ్చి పోస్టు డబ్బాలో వేసి రమ్మన్నారు. దారిలో చీమలు చచ్చిన తూనీగను మోసుకెళ్తున్నాయి. దాని రెక్క ఒకటి తెరచాపలా పైకి నిలబడి ఊగుతోంది. ఆ రెక్క వెంటే నడిచాను. రెండ్రోజుల తర్వాత చొక్కా ఉతుకుతుంటే ఉత్తరం ముద్దయి అమ్మ చేతికొచ్చింది. "వీడికి బాధ్యత లేదు" అన్నారు ఇంట్లో. చాలా ఏళ్లు అదే నిజమనుకున్నాను. జేబులో కాకుండా చేతిలో పట్టుకెళ్లమని ఉంటే సరిపోయేదేమో!

అందుకే పాపా, పుస్తకం ముందే తెరిచి బల్ల మీద పెట్టు. "లెక్కలు చెయ్యాలి" అని ఊరుకోకు. "బ్యాగు దించగానే మొదటి లెక్క కాగితం మీద ఎక్కిస్తాను" అనుకో.

బండివాణ్ని చూస్తారా? నీలం పెన్నుతో "ఎరుపు" అని, ఎర్ర పెన్నుతో "నీలం" అని, ఇలా కలిపేసి ఓ పది మాటలు రాయండి. మాట చదవకుండా సిరా రంగు మాత్రం గబగబా చెప్పండి. అమెరికాలో స్ట్రూప్ అనే ఆయన 1935లో ఇలాంటి పరీక్షనే ప్రచురించాడు. నాలుక తడబడిన చోట ఒక్క క్షణం ఆగండి. చదివేద్దామని ఎడ్లు లాగుతుంటాయి, ఆ పిల్లాడు పగ్గం పట్టుకుని వెనక్కి వాలి ఉంటాడు.

ఎన్నిసార్లు తడబడ్డారో నాకు రాయండి.

మీ తాతయ్య