మనకి వినిపించే బీజీఎం ఆ అమ్మాయికి వినిపించదు

మా విజయనగరంలో సైకో కిల్లర్ సినిమా ఏది ఆడినా హాల్లో ఎవరో ఒకరు అంటారు, "ముక్కూమొహం తెలియనివాడితో ఎలా వెళ్లిపోయింది, బుర్ర లేదా దీనికి" అని. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. వాడు హంతకుడని మనకి డైరెక్టర్ ముందే చెప్పేశాడు, వాడు తెర మీదకి రాగానే బీజీఎం మారిపోతుంది, కెమెరా వాడి కళ్ల మీద ఆగుతుంది. ఆమెకి కనిపించేది మర్యాదగా మాట్లాడే మనిషి, అంతే. జరిగింది తెలిశాక 'ముందే తెలుసుకోవాల్సింది కదా' అనిపించడం మన మెదడుకున్న అలవాటు, బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లోనే ప్రయోగాలు చేసి చూపించాడు.

అసలు అబద్ధం పట్టడంలో మనమెవరమూ గట్టివాళ్లం కాదు. రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి 2006లో లెక్కేస్తే, జనం నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా పోల్చింది నూటికి 54 సార్లే, బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే వస్తుంది. ఎదుటివాళ్లు నిజమే చెబుతున్నారని అనుకోకపోతే రోజు గడవదు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పక్కావిడకి బ్యాగు అప్పజెప్పి నీళ్ల సీసా కొనుక్కోడానికి కూడా వెళ్లలేం.

సినిమాలేమో అంతా వాడి అందంలో, మాటకారితనంలో ఉందన్నట్టు చూపిస్తాయి. కర్ణాటకలో 2003 నుంచి 2009 దాకా 20 మంది ఆడవాళ్లను చంపిన మోహన్ కుమార్ ప్రైమరీ స్కూల్ టీచరుగా చేసినవాడు. పేదింటి అమ్మాయిలకి కట్నం లేకుండా పెళ్లి చేసుకుంటానని చెప్పి, లాడ్జికి తీసుకెళ్లి, మర్నాడు బస్టాండులో గర్భం రాకుండా మాత్ర అని సైనైడ్ ఇచ్చేవాడు. కట్నం వద్దన్న ఆ ఒక్క మాట, మా శ్రీకాకుళం వైపు ముగ్గురు ఆడపిల్లలున్న ఇంట్లో అయినా ఎలా పనిచేస్తుందో ఊహించండి. వాడికి అందం దేనికి, కట్నం భయమే సగం పని చేసిపెట్టింది. కూతురు ఎవరితోనో లేచిపోయిందనుకుని పరువు కోసం నోరు విప్పని ఇళ్ల వల్ల మిగతా సగం సాగింది.

అమెరికాలో ఎంతోమంది ఆడవాళ్లను చంపిన టెడ్ బండీ సంగతీ చూడండి. 1974 జులైలో లేక్ సమామిష్ పార్కులో చేతికి కట్టుతో తిరుగుతూ, పడవ కారెక్కించాలి, కాస్త సాయం పట్టమని అమ్మాయిలను అడిగాడు. ఇద్దరు వెళ్లారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు మోజుపడి వెళ్లలేదు, చెయ్యి బాగోలేనివాడికి సాయం చేద్దామని వెళ్లారు. అదే రోజు కొందరు కుదరదన్నారు, ఒకామె కారు దాకా వెళ్లి అక్కడ పడవే లేదని చూసి వెనక్కి వచ్చేసింది. వాడి పోలికలు, కారు, 'టెడ్' అన్న పేరు పోలీసులకి చేరింది అలా బయటపడ్డవాళ్ల వల్లా, చుట్టుపక్కల చూసినవాళ్ల వల్లా. వాడి ప్రియురాలు కూడా అనుమానంతో పోలీసులకి ఫోన్ చేసింది. అయినా లా చదివే కుర్రాడు, పాత కేసుల్లేవు అని వాడి మీద అనుమానం నిలవలేదు. ఒక మంచి లక్షణం కనబడగానే మనిషంతా మంచివాడే అనుకోవడాన్ని హాలో ఎఫెక్ట్ అంటారు, 1920లో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. ఇక్కడ దానికి దొరికిపోయింది పోలీసులు! వాడు పట్టుబడింది మరుసటి ఏడాది ఆగస్టులో, ఉటాలో, దారిలో ఒక పోలీసు కారు ఆపితే. ఈలోపు ఇంకొందరు అమ్మాయిలు పోయారు.

బండీ కోర్టు డైలాగులు సినిమాల్లో చాలాసార్లు చూశాం. ఆ పార్కులో వెనక్కి తిరిగొచ్చిన అమ్మాయి వైపు నుంచి, పోలీసు స్టేషన్‌కి వచ్చిన ఆ ఫోన్ వైపు నుంచి ఎవరైనా సినిమా తీస్తే నేను మొదటి రోజే వెళ్తాను.