మూపురం చేపను నిలబెట్టిన ఉపనది

గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లే మనవాళ్లలో చాలామంది గ్లెన్ కాన్యన్ డ్యామ్ దగ్గరా ఆగుతారు. డ్యామ్ కింద కొలరాడో నది పచ్చగా, తేటగా పారుతుంటుంది. 1963లో గేట్లు మూయకముందు అక్కడ పారింది బురద నీరు. ఎండాకాలంలో బాగా వేడెక్కేది, చలికాలంలో గడ్డకట్టేంతగా చల్లబడేది.

ఆ నీటికి అలవాటుపడ్డ చేప హంప్‌బ్యాక్ చబ్. తల వెనక మూపురం, చిన్న కళ్లు, సన్నటి తోక మొదలు. శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టింది 1946లో. 1967కల్లా అంతరించిపోతున్న జాతుల జాబితాకెక్కింది. డ్యామ్ వెనక జలాశయం లోతు నుంచి వదిలే నీరు ఏడాదంతా 10 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే, చబ్ గుడ్లు పిల్లలై ఎదగడానికి 16 డిగ్రీలైనా కావాలి మరి.

గ్రాండ్ కాన్యన్‌లో ఈ చేప నిలిచిందంటే లిటిల్ కొలరాడో పుణ్యమే. డ్యామ్‌కు దాదాపు 120 కిలోమీటర్ల దిగువన కలిసే ఉపనది ఇది. బ్లూ స్ప్రింగ్ ఊట వల్ల చివరి 20 కిలోమీటర్లు ఎప్పుడూ ఎండదు. పులస గోదావరికి ఎదురీదినట్టు, పెద్ద చబ్‌లు వసంతంలో పెద్ద నది వదిలి ఇందులోకి ఎక్కి గుడ్లు పెడతాయి. పిల్లలు ఒడ్డు పక్కన, లోతూ వడీ లేని నీళ్లలో పెరుగుతాయి. వాన వరదలకు కొన్ని పెద్ద నదిలో పడితే, ఆ చలికి వాటి ఎదుగుదల మందగిస్తుంది. మిగిలినవి ఉపనదిలోనే పెద్దవవుతాయి. ముప్పై ఏళ్లు బతకగల చేప ఇది.

కానీ గ్రాండ్ కాన్యన్ చబ్‌లన్నిటికీ ఒకే పురిటిల్లు ఉండడం చాలా ప్రమాదం. అందుకే 2003లో కొన్ని పిల్లలను అదే ఉపనదిలో చూట్ ఫాల్స్ పైకి, 2009లో షినుమో వాగుకు, 2011లో హవాసు వాగుకు తరలించారు. 2014లో కార్చిచ్చు తర్వాత వచ్చిన బూడిద వరద షినుమోలోని చబ్‌లను తుడిచిపెట్టేసింది. లిటిల్ కొలరాడోకే అలాంటిది జరిగి ఉంటే?

ఈలోగా కరువుకు డ్యామ్ వెనకున్న జలాశయం లేక్ పావెల్ మట్టం పడిపోయి, డ్యామ్ నుంచి వదిలే నీరు కాస్త వెచ్చబడింది. పడమటి కాన్యన్‌లోనూ చబ్‌లు పెరిగాయి. 2021లో ముప్పు స్థాయి ఒక మెట్టు తగ్గించారు. అయితే మట్టం ఇంకా దిగేసరికి, జలాశయంలో పైనుండే స్మాల్‌మౌత్ బాస్ అనే వేటచేప టర్బైన్ల గుండా కిందికి జారింది. డ్యామ్ దిగువన అది పిల్లలు పెడుతున్నట్టు 2022లో తేలింది. చబ్ పిల్లలు దానికి సులువైన తిండి. దాంతో 2024 వేసవిలో టర్బైన్ల దారికన్నా కింద, జలాశయం లోతున ఉన్న గొట్టాలు తెరిచి మళ్లీ చల్లనీరే కలిపి వదిలారు. లిటిల్ కొలరాడో కలిసే చోటు దాకా నీరు 15.5 డిగ్రీలు దాటకూడదు, బాస్ గుడ్లు పెట్టకూడదు అన్నది లక్ష్యం.