ఓడ ఎందుకు గెంతుతుంది?

తెర అడుగున చిన్న ఓడ. పైనుంచి దిగుతున్న శత్రువులు. ఎడమకీ కుడికీ రెండు బటన్లు, కాల్చడానికి ఒకటి. చేతిలో పట్టుకుని ఆడే పాతకాలపు స్పేస్ షూటింగ్ గేమ్ అంటే ఇంతే. ఈ సింప్లిసిటీని ఎవరో పనిగట్టుకుని డిజైన్ చేశారనుకుంటే పొరపాటు. అప్పటి చిప్పులు, తెరలు అంతకుమించి చేయనివ్వలేదు.

అంతరిక్షంలో కాల్పుల ఆట 1962 నాటికే ఉంది. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో స్టీవ్ రసెల్, ఆయన మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ మీద 'స్పేస్‌వార్' రాశారు. ఆ యంత్రం బీరువాలంత ఉండేది, ఇక జేబు మాట దేవుడెరుగు. ఓడ కింద, శత్రువులు పైన అనే పద్ధతి నిలబడింది మాత్రం 1978లో, జపాన్‌లో టైటో కంపెనీ కోసం టొమొహిరో నిషికాదో తయారుచేసిన, నాణెం వేసి ఆడే పెద్ద యంత్రం 'స్పేస్ ఇన్వేడర్స్'తో. అందులో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. ఆడేవాళ్ల టెన్షన్ పెంచడానికి వేసిన ఎత్తేమో అనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే, గీయాల్సిన బొమ్మలు తగ్గి ప్రాసెసర్‌కి ఊపిరాడింది. నిషికాదో దాన్ని సరిదిద్దకుండా అలాగే వదిలేశాడు. మంచి పని చేశాడు.

చేతి గేములు అప్పటికే మొదలయ్యాయి. 1976లో బొమ్మల కంపెనీ మాటెల్ తెచ్చిన 'ఆటో రేస్'లో కార్లంటే ఎర్రగా వెలిగే గీతలే. ప్రోగ్రామ్ మొత్తం 512 బైట్లలో ఇరికించారు. తెలుగు యూనికోడ్‌లో ఈ ఒక్క పేరాకే అంతకంటే ఎక్కువ చోటు పడుతుంది.

'స్పేస్ ఇన్వేడర్స్' మోజు పెరిగాక 1980 ప్రాంతంలో ఇలాంటి బుల్లి గేములు వరసకట్టాయి. చాలావాటికి వీఎఫ్‌డీ, అంటే తనంతట తానే వెలిగే గాజు తెర ఉండేది. చీకట్లో భలే మెరిసేది కానీ బ్యాటరీలను తినేసేది. 1980లోనే వచ్చిన నింటెండో 'గేమ్ అండ్ వాచ్' ఎల్‌సీడీకి గుండీ బ్యాటరీలు చాలేవి. ఈ రెండు రకాల తెరల్లోనూ బొమ్మలన్నీ తయారీలోనే అచ్చయిపోయేవి. చిప్పు చేసేదల్లా ఒకదాన్ని వెలిగించి ఇంకోదాన్ని ఆర్పడమే. అందుకే ఓడ జారదు, గెంతుతుంది. నిలబడటానికి దానికి ఉన్నవి కొన్ని గళ్లే. శత్రువు ఉన్న వరసలోకి సమయానికి చేరడమే గురి. షూటింగ్ కంటే తొక్కుడుబిళ్లకే ఇది దగ్గర చుట్టం!

1979 నాటి చేతి గేమ్ 'మైక్రోవిజన్'లో అచ్చు బొమ్మలకు బదులు ఏ బొమ్మనైనా చుక్కలతో గీసే తెర ఉన్నా, 16 అడ్డం, 16 నిలువు, అంతే. 1989లో 'గేమ్ బాయ్' 160 అడ్డం, 144 నిలువు చుక్కలతో వచ్చాక ఓడ సాఫీగా కదిలింది. 2000లో నోకియా 3310 ఫోన్‌లోని 'స్పేస్ ఇంపాక్ట్'కి దక్కింది 84 అడ్డం, 48 నిలువు. తెర వెడల్పుకు తగ్గట్టే ఆట కూడా పక్కకు తిరిగింది. ఓడ ఎడమవైపు, శత్రువులు కుడివైపు నుంచి.

ఇప్పుడు సరదాకి ఇలాంటి గేములు రాసేవాళ్లు 'ఆర్డుబాయ్' లాంటి చిన్న పరికరాలను ఏరికోరి తీసుకుంటున్నారు. నలుపు తెలుపు తెర, 32 కేబీ మెమరీ. ఆ చిన్న చిప్పుకి కూడా 'స్పేస్ ఇన్వేడర్స్' గుంపు ఒక లెక్క కాదు. ఎంతమంది మిగిలినా ఒకే వేగంతో నడుస్తారు. పాత కంగారు కావాలంటే మిగిలిన తలలు లెక్కపెట్టి వేగం పెంచే కోడ్ విడిగా రాయాల్సిందే.