సూది, గరిటె: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలూ,

సెలవుల్లో ఏదైనా కొత్తగా నేర్చుకోవాలని ఉంది, ఏం నేర్చుకోమంటారు అని మీలో చాలామంది అడుగుతుంటారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. సూది పట్టడం నేర్చుకోండి, పొయ్యి దగ్గర నిలబడటం నేర్చుకోండి. అబ్బాయిలకూ ఇదే చెబుతాను, అమ్మాయిలకూ ఇదే చెబుతాను. తిండీ బట్టా లేకుండా ఎవరికీ ఒక్కరోజు గడవదు. అయినా ఆ రెండింటి గురించీ ఏమీ తెలియకుండానే పెద్దవాళ్లయిపోతున్నారు. చదువులో ఎంతో ముందున్న పిల్లలు కూడా గుండీ ఊడితే మంచి చొక్కాను మూలన పడేస్తారు, ఆకలేస్తే ఏదో ఒక ప్యాకెట్ చింపుతారు. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

ఈ రెండు పనులనూ కలిపి నేర్చుకోమనడానికి కారణం ఉంది. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టొచ్చు. కానీ గుడ్డ మీద కత్తెర పడ్డాక ఆ ముక్కను తిరిగి అతికించలేం. వంటలో ఉప్పు తక్కువైతే తర్వాతైనా వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం. మాడింది పచ్చిగా మారదు. ప్రతి పనిలోనూ వెనక్కి తీసుకోగలిగేవి కొన్ని, తీసుకోలేనివి కొన్ని ఉంటాయి. మొదటి రకం దగ్గర భయపడకుండా చేతులు పెట్టాలి, రెండో రకం దగ్గర ఆగి చూసుకోవాలి. పిల్లలు సాధారణంగా ఇందుకు తలకిందులుగా చేస్తారు. కుట్టడానికి జంకుతారు, కత్తిరించడానికి మాత్రం తొందరపడతారు. ఈ తేడా చేతికి తెలియాలి. సూదీ గరిటే దాన్ని నేర్పినంత బాగా ఇంకేవీ నేర్పవని నా నమ్మకం.

ముందు చేతికుట్టుతో మొదలుపెట్టండి. మిషన్ తర్వాత. బొమికెతో చేసిన, చెవి ఉన్న సూదులు వేల ఏళ్ల కిందటివి దొరికాయి. సైబీరియాలో దొరికిన కొన్నింటి వయసు 40 వేల ఏళ్ల పైమాటే. అప్పటి నుంచి చేత్తో కుట్టే పద్ధతి పెద్దగా మారలేదు, అందుకే దాన్ని నేర్చుకోవడం తేలిక. దారం చేతి పొడవును మించి తీసుకోకండి. 45, 50 సెంటీమీటర్లు చాలు. మళ్లీ మళ్లీ ఎక్కించుకోవడం విసుగని బారెడు దారం తీస్తే, అది మెలికపడి ముడులు వేసుకుంటుంది, ఆ ముడులు విప్పుకోవడానికి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది.

మొదట గుండీ కుట్టండి. గుండీని గుడ్డకు పూర్తిగా అదిమిపెట్టి కుడితే కాజాలో దూరదు. కుట్టేటప్పుడు గుండీ మీద ఒక అగ్గిపుల్ల పెట్టి, దాని మీదుగా దారం పోనివ్వండి. చివర్లో పుల్ల తీసేస్తే గుండీ కొంచెం పైకి లేస్తుంది. ఆ వదులు దారాల చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి, గుడ్డ వెనక ముడివేయండి. అలా మిగిలిన ఖాళీలోనే చొక్కా రెండో పక్క గుడ్డ ఇముడుతుంది. ఆ తర్వాత రెండు కుట్లు నేర్చుకుంటే చాలు. కచ్చా కుట్టు ముందుకే సాగుతుంది, లాగితే మొత్తం వచ్చేస్తుంది. అందుకే తాత్కాలికంగా పట్టి ఉంచడానికి దాన్ని వాడతాం. రెండోదైన బ్యాక్‌స్టిచ్‌లో సూది ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వచ్చి ముందుకు వెళ్తుంది. ఒకచోట దారం తెగినా మిగతాది ఊడదు. సంచి పిడి, ప్యాంటు వెనక అతుకు లాంటి బలం పడే చోట ఇదే వేయాలి.

మిషన్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది బెదిరిపోతారు. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ భయం పోతుంది. చేతిసూదికి చెవి వెనక ఉంటుంది, మిషన్ సూదికి మొన దగ్గరే ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉంది. ఎలియాస్ హోవ్ 1846లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న మిషన్‌లో ఈ రకం సూదీ, కింద రెండో దారం తీసుకెళ్లే షటిలూ రెండూ ఉన్నాయి. సూది గుడ్డలోంచి కిందికి దిగి కొంచెం పైకి లేచేసరికి దారం ఒక చిన్న ఉచ్చులా నిలుస్తుంది. ఆ ఉచ్చును కింద తిరిగే కొక్కెం అందుకుని, కింది దారం చుట్టి ఉండే చిన్న కండె, అంటే బాబిన్ చుట్టూ తిప్పుతుంది. పై దారం, కింది దారం గుడ్డ మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ప్రతి కుట్టూ ఇంతే.

ఇది తెలుసుకుంటే లాభం ఏమిటంటే, మిషన్ మొరాయించినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. గుడ్డ కింద దారం గుట్టగా పేరుకుపోతే అందరూ బాబిన్‌ను తిడతారు. నిజానికి చాలాసార్లు తప్పు పై దారంలో ఉంటుంది. దారం ఎక్కించేటప్పుడు గుడ్డను అదిమిపట్టే ఫుట్ పైకి ఎత్తి ఉండాలి. అది దించి ఉంటే, దారాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు. పట్టు లేని దారం కిందికి ఎడాపెడా జారిపోతుంది. ఫుట్ ఎత్తి మొదటి నుంచి ఎక్కించుకుంటే ఎక్కువసార్లు అక్కడితో సరిపోతుంది. సూది నంబరు కూడా చూసుకోండి. 90 అని ఉంటే దాని మందం 0.9 మిల్లీమీటర్లని అర్థం. పలుచని గుడ్డకు 70, మామూలు నూలుగుడ్డకు 80, జీన్స్ లాంటి మందపు గుడ్డకు 90 లేదా 100 వాడాలి. అసలు గుడ్డ మీద పెట్టేముందు అదే గుడ్డ పీలిక మీద నాలుగు కుట్లు వేసి చూడండి. వేళ్లు సూదికి దూరంగా ఉండాలి, గుండుసూదులు నోట్లో పెట్టుకోకూడదు. ఈ రెండు విషయాల్లో నేను ఎవరినీ ఊరుకోను.

ఇక కత్తిరించడం. ఇక్కడ మాత్రం నిదానం కావాలి. నూలుగుడ్డ అయితే ముందే ఉతికి ఆరేసి ఇస్త్రీ చేయాలి. కుట్టాక ఉతికితే కుదించుకుపోయి, సరిపోయిన చొక్కా బిగుతైపోతుంది. తర్వాత పడుగు ఎటు ఉందో చూడండి. గుడ్డ పక్క అంచుకు సమాంతరంగా సాగే పోగులే పడుగు, అడ్డంగా వెళ్లేవి పేక. గుడ్డను మూలల నుంచి ఐమూలగా లాగితే సాగుతుంది, పడుగు వెంట లాగితే సాగదు. అందుకే చొక్కా, ప్యాంటు ముక్కలను పొడవు పడుగు వెంట వచ్చేలా పరుచుకుని కోస్తారు. ఒక ముక్క పక్కకు తిరిగిపోతే వేసుకున్నాక ఆ వైపు మెలితిరుగుతుంది. ఏ కుట్టూ దాన్ని సరిచేయలేదు. అతుకు కోసం చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు మార్జిన్ వదలడం మరచిపోకండి. మొదటిసారి చొక్కా జోలికి పోవద్దు. నాలుగు వైపులా తిన్నగా ఉండే దిండు గలీబు కుట్టండి, తర్వాత సంచి. వంపులన్నీ ఆ తర్వాతే.

వంట విషయంలో మీకు చెప్పాల్సింది ఇంకా ఎక్కువ ఉంది. ఎందుకంటే బట్ట సరిగ్గా కుదరకపోతే కనిపిస్తుంది, తిండి సరిగ్గా లేకపోతే ఏళ్ల తరబడి కనిపించదు.

ఉప్పుతో మొదలుపెడదాం. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే దాదాపు ఒక చిన్న చెంచా. పిల్లలకు ఇంకా తక్కువ. అది కూరలో వేసేదొక్కటే కాదు, ప్యాకెట్ తిండిలో వచ్చేదీ కలిపి. ప్యాకెట్ వెనక ఉప్పు అని కాకుండా సోడియం అని రాసి ఉంటే, ఆ అంకెను రెండున్నరతో గుణించండి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. ఈ లెక్క వచ్చిన పిల్లలు షాపులో ప్యాకెట్ తిప్పి చూస్తారు, అది చూస్తే నాకు చాలా సంతోషం. ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే ఇంట్లో ఎవరూ తినరు. కొంచెం కొంచెంగా తగ్గించండి, కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే తక్కువ ఉప్పు కూడా సరిపోయినట్టే ఉంటుంది. వండేటప్పుడు కొంచెం వేసి, కలిపి, ఉడకనిచ్చి, రుచి చూసి, కావాలంటే అప్పుడు ఇంకొంచెం వేయాలి. రుచి చూసిన చెంచాను మళ్లీ గిన్నెలో పెట్టకూడదు.

చక్కెర సంగతి ఇంకా మోసం. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి, బయటి నుంచి కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదు, 25 గ్రాముల లోపుంటే మరీ మంచిది. 330 మిల్లీలీటర్ల తియ్యటి కూల్‌డ్రింక్‌లో దాదాపు 35 గ్రాములు ఉంటుంది. పళ్లరసాల్లో ఉన్నదీ ఈ లెక్కలోకే వస్తుంది, పండును నమిలి తింటే రాదు. నూనె గురించి ఒక్కమాట చెప్పి వదిలేస్తాను: సీసా నుంచి తిన్నగా వంపకుండా చెంచాతో కొలిచి వేయండి. ఒక పెద్ద చెంచాలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. నూనె మానేయమని అనడం లేదు. క్యారెట్, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్ అనే పోషకం ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు కావాలి.

కూరగాయలూ పళ్లూ కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలి. ఆలుగడ్డలు ఈ లెక్కలోకి రావు. కోయడానికి ముందే కడగండి, కోశాక నీళ్లలో నానబెట్టొద్దు. విటమిన్ సి నీళ్లలో కరిగిపోతుంది, వేడికి దెబ్బతింటుంది. అందుకే కొంచెం పెద్ద ముక్కలు కోసి, తక్కువ నీళ్లతో, మూతపెట్టి, మెత్తబడగానే దించేయాలి. ఉడికించిన నీళ్లు పారబోయకుండా కూరలోనో చారులోనో కలపండి. పప్పుధాన్యాలూ ఆకుకూరలూ తినేటప్పుడు విటమిన్ సి ఉన్న పండో నిమ్మరసమో తోడుంటే వాటిలోని ఇనుము బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే ఇందుకు సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. అన్నమూ పప్పూ కలిపి తినడంలోనూ అర్థం ఉంది. ప్రొటీన్లు అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతాయి. వాటిలో ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసిన్ పప్పుల్లో దండిగా ఉంటుంది. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ ధాన్యాల్లో దొరుకుతుంది.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా చదవండి. వండినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకండి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. అన్నం గురించి మరీ జాగ్రత్త. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, అవి ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషాల్లో ఒకటి మళ్లీ వేడిచేసినా పోదు. వాసన చూసి కనిపెట్టలేం. వెనక్కి తీసుకోలేనివి అన్నానే, వాటిలో ఇది ముఖ్యమైనది. మిగిలిన అన్నాన్ని లోతు తక్కువ పళ్లెంలో పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. రాజ్మా గింజలను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. పచ్చివాటిలో ఉండే లెక్టిన్ అనే ప్రొటీన్ వల్ల విపరీతంగా వాంతులవుతాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కళపెళా 30 నిమిషాలు మరిగించాలి. సన్నటి సెగ మీద సగం ఉడికించడం మరీ ప్రమాదం.

పొయ్యి దగ్గర మొదట్లో పెద్దవాళ్లు పక్కన ఉండాలి. కత్తి పదునుగా ఉండాలి. మొద్దుకత్తిని గట్టిగా నొక్కాల్సి వస్తుంది, అప్పుడే జారి తెగుతుంది. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు చల్లకండి. నీరు ఒక్కసారిగా ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బి, మండే నూనెను ఎగజిమ్ముతుంది. చెయ్యి అందితే స్టవ్ ఆపి, మూత కప్పి, చల్లారేదాకా తీయకండి. చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. దాని మీద ఇంకేమీ పూయొద్దు.

ఇవన్నీ ఒక్క సెలవుల్లో రావు, రావాల్సిన అవసరమూ లేదు. ఈ వారం ఒక గుండీ, ఒక కూర. వచ్చేవారం అదే కూర మళ్లీ. రోజుకో కొత్త వంట ప్రయత్నించేవాళ్ల కంటే ఒకే కూరను పదిసార్లు వండినవాళ్లకు వంట బాగా వస్తుంది. ఈసారి ఏం మారింది, ఎందుకు మారింది అని వాళ్లు పోల్చి చూసుకోగలరు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఎన్ని నీళ్లు పోశారో, ఎంతసేపు ఉంచారో రాసుకోండి. అందులోనే కొలతలూ, సూది నంబర్లూ రాసుకోవచ్చు.

ఏం కుట్టారో, ఏం వండారో నాకు ఉత్తరం రాయండి. కుట్టినదాని ఫొటో పంపేటట్టయితే వెనకవైపుది కూడా పంపండి. నేను ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య